యూఎస్‌బీ గ్యాడ్జెట్లు: విశాఖలో ఏవి పనికొస్తాయి, ఏవి దండగ? తరచుగా అడిగే ప్రశ్నలు

గిఫ్టుగా వచ్చిందనో, ఆఫర్‌లో దొరికిందనో, రీల్‌లో చూసి ముచ్చటపడ్డామనో ఇంటికి చేరే చిన్న చిన్న యూఎస్‌బీ వస్తువుల గురించి మా అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో తరచూ నన్ను అడిగే ప్రశ్నలివి. జవాబులు మన ఊరి ఉక్కపోత, ఉప్పు గాలి, తుఫాన్లు చూసుకుని రాసినవి. వేరే ఊళ్లో బ్రహ్మాండంగా పనిచేసిన వస్తువు ఇక్కడ చతికిలబడటానికి చాలాసార్లు ఈ మూడే కారణం.

ఒక గ్యాడ్జెట్ పనిచేస్తుందో లేదో కొనకముందే తెలిసేదెలా?

వాట్లు చూడండి. 1996లో యూఎస్‌బీ వచ్చింది కీబోర్డు, మౌస్, ప్రింటర్ లాంటివాటిని కంప్యూటర్‌కి తగిలించడానికి. (ఇంటెల్‌లో దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు గుజరాత్‌లో పుట్టిన అజయ్ భట్.) కరెంటు ఇవ్వడం దానికి పక్కపని. అందుకే పాత పోర్టు నుంచి వచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. లోపల నీలం రంగు కనిపించే యూఎస్‌బీ 3 పోర్టయితే 4.5 వాట్లు. మామూలు ఫోన్ చార్జరు 10 వాట్లు. టైప్-సి పవర్ డెలివరీ పద్ధతిలో ఇప్పుడు 240 వాట్ల దాకా తీసుకోవచ్చు. కానీ షాపులో కవర్లో వేలాడే సరుకులో ఆ ఏర్పాటు ఉండదు, అవి 5 వోల్టులతోనే సరిపెట్టుకుంటాయి.

వీటి పక్కన ఇంట్లో సామాన్లు పెట్టి చూడండి. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాను సుమారు 30, ఎలక్ట్రిక్ కెటిల్ 1,500. వెలుగు, కాస్త గాలి, డేటా – ఇవి యూఎస్‌బీతో అయ్యే పనులు. వేడి చేయడం, చల్లబరచడం దానివల్ల కాదు. ఇక్కడి నుంచి కింద రాసిన జవాబుల్లో సగం మీరే చెప్పేయొచ్చు.

ల్యాప్‌టాప్‌కి తగిలించే కప్పు వార్మర్ టీని వేడిగా ఉంచుతుందా?

ఉంచదు. 150 మిల్లీలీటర్ల టీని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 630 జౌళ్లు కావాలి. రెండున్నర వాట్ల పోర్టు, అంటే సెకనుకి రెండున్నర జౌళ్లు ఇచ్చేది, అంత శక్తి ఇవ్వడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, అదీ ఒక్క బొట్టు వేడి కూడా బయటికి పోకుండా ఉంటే. పొగలు కక్కే టీ పైనుంచీ పక్కలనుంచీ పోయే వేడి అంతకంటే చాలా ఎక్కువ. పైన ఫ్యాను తిరుగుతుంటే చెప్పనే అక్కర్లేదు. అదీగాక పింగాణీ కప్పు అడుగున అంచు మాత్రమే ప్లేటుకి తగులుతుంది, మధ్యలో గాలి ఉంటుంది. పేపర్ కప్పు సంగతి సరేసరి.

గోడ ప్లగ్గుకి పెట్టుకునే 20 వాట్ల వార్మర్లు కొంత నయం, అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో అయితే. అంతకన్నా చౌకైనది మూత ఉన్న కప్పు.

టేబుల్ మీద పెట్టుకునే యూఎస్‌బీ మినీ ఏసీ? వేసవిలో బాగా అమ్ముతున్నారు.

అది ఏసీ కాదు, చిన్న కూలరు. తడి స్పాంజి మీదుగా గాలి ఊదుతుంది. నీరు ఆవిరైతేనే గాలి చల్లబడుతుంది, గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. అనంతపురంలో మేనెల మధ్యాహ్నం దానికి ఎదురుగా కూర్చుంటే కొంచెం చల్లగానే ఉంటుంది. విశాఖలో ఒంటి మీద చెమటే ఆరదు, స్పాంజిలో నీళ్లు ఎక్కడ ఆరతాయి? గది మరింత జిగటగా మారుతుంది. పక్కనే ల్యాప్‌టాప్ ఉంటే కీబోర్డు మీద తేమ చేరుతుంది కూడా. మన ఊరికి పూర్తిగా దండగ వస్తువు ఏదంటే నేను మొదట దీని పేరే చెబుతాను.

ఒక్క కూల్‌డ్రింక్ క్యాన్ పట్టే యూఎస్‌బీ ఫ్రిజ్?

లోపల ఉండేది పెల్టియర్ పలక. కరెంటు పంపితే ఒకవైపు చల్లగా, రెండోవైపు వేడిగా అవుతుంది. 1834 నుంచి తెలిసిన సంగతే. కానీ మామూలు ఫ్రిజ్ కంప్రెసర్‌తో పోలిస్తే దీని సామర్థ్యం చాలా తక్కువ. ఇచ్చిన ఆ కాస్త కరెంటుతో గోరువెచ్చని క్యాన్‌ని చల్లబరచాలంటే మీ షిఫ్టు అయిపోతుంది. అలంకారానికి పర్వాలేదు.

మరి యూఎస్‌బీ ఫ్యాను?

కొనండి. చెమటపట్టిన ఒంటికి గాలి తగిలితే చాలు, దానికి రెండు మూడు వాట్లు సరిపోతాయి. క్లిప్పు ఉన్నది తీసుకుంటే వంటింట్లో షెల్ఫుకి, మంచం తలవైపు, ఆటో నడిపేవాళ్లయితే హ్యాండిల్ పక్కన ఎక్కడైనా బిగించుకోవచ్చు. ముందు జాలీ ఊడొచ్చేలా ఉందో లేదో షాపులోనే చూసుకోండి. మన దగ్గర జిడ్డు, ఉప్పు, దుమ్ము కలిసి నెల తిరక్కుండా రెక్కలకి పట్టేస్తాయి. జాలీ ఊడని ఫ్యాను శుభ్రం చేయలేక చివరికి పారేస్తాం.

కరెంటు పోయినా వైఫై ఆగకుండా ఏదైనా ఉందా? వర్క్ ఫ్రమ్ హోమ్‌లో మీటింగ్ మధ్యలో పోతే టెన్షన్.

ఉంది. నా లెక్కలో యూఎస్‌బీ సరుకు మొత్తంలో ఇదే అసలైన పనికొచ్చే వస్తువు: పవర్ బ్యాంకు నుంచి 5 వోల్టులు తీసుకుని 12 వోల్టులుగా పెంచి రౌటర్‌కి ఇచ్చే కేబుల్. చూడ్డానికి మామూలు వైరే, ఒక చివర యూఎస్‌బీ, రెండో చివర గుండ్రటి పిన్ను, మధ్యలో చిన్న ఉబ్బు. ఆ ఉబ్బులోనే వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉంటుంది.

కొనేముందు రౌటర్ ఎడాప్టర్ తిప్పి స్టిక్కర్ చదవండి. ఔట్‌పుట్ దగ్గర 12 వోల్టులు అని ఉండాలి. కొన్ని రౌటర్లవి 9, కొన్నింటివి 5. తప్పు వోల్టేజి ఇస్తే రౌటర్ కాలిపోవచ్చు. పక్కనే చిన్న వృత్తం బొమ్మ ఉంటుంది, పిన్ను మధ్య భాగం ప్లస్సా మైనస్సా అన్నది అందులో చూసుకోవాలి, సాధారణంగా ప్లస్సే. పిన్ను సైజు ఎక్కువగా 5.5 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 2.1. ఎడాప్టర్ తీసుకెళ్లి షాపులో పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఈ కొలతల గొడవే లేదు.

రౌటర్ 7 వాట్లు తింటుందనుకుంటే, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు మూడున్నర గంటల దాకా లాగుతుంది. ఒక చిక్కుంది. కరెంటు పోగానే మీరు లేచి వైరు మార్చాలి, ఆలోగా రౌటర్ ఆగి మళ్లీ మొదలవడానికి రెండు నిమిషాలు, ఈలోపు మీటింగ్‌లో మీ మొహం బిగుసుకుపోయి ఉంటుంది. అది కుదరదంటే రౌటర్ కోసమే వచ్చే మినీ యూపీఎస్ కొనడం మంచిది. ఎప్పుడూ ప్లగ్గుకే ఉంటుంది, కరెంటు పోయిన సంగతి రౌటర్‌కి తెలియదు. చాలావాటికి ఫోన్ చార్జింగ్‌కి ఒక యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది.

ఇంకో మాట. ఫైబర్ లైను మీ ఇంటిదాకా వచ్చే దారిలో, అపార్ట్‌మెంట్ కిందో వీధి చివరో ఆపరేటర్ పెట్టె ఉంటే, దానికి బ్యాకప్ లేకపోతే మీ రౌటర్ వెలిగినా నెట్ రాదు. ముందే ఆపరేటర్‌ని అడిగేయండి.

తుఫాను సీజన్‌కి ఇంట్లో ఏం ఉంచుకోవాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గంటకు 180 కిలోమీటర్ల వరకు గాలి, ఆ తర్వాత చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అప్పట్లో కొవ్వొత్తుల కోసం తిరిగినట్టు ఇప్పుడు తిరగనక్కర్లేదు.

మొదటిది ఎల్‌ఈడీ కర్ర లైటు, అంటే నేరుగా పవర్ బ్యాంకులో గుచ్చుకునేది. ఒకటి రెండు వాట్లే తీసుకుంటుంది కాబట్టి నిండా చార్జి ఉన్న పవర్ బ్యాంకుతో రాత్రంతా వెలుగుతుంది. చాలా తక్కువ ధర, గదికొకటి కొనొచ్చు. రెండోది చార్జింగ్ పెట్టుకునే ఎఫ్ఎం రేడియో. సెల్ టవర్లు పడిపోయాక వార్త వినాలంటే ఆకాశవాణే దిక్కు. ఫోన్‌లో రేడియో ఉందిగా అనుకోకండి, ఇప్పటి ఫోన్లు చాలావాటిలో ఎఫ్ఎం లేదు, ఉన్నా వైరు ఇయర్‌ఫోన్ పెడితేగానీ పలకదు. మూడోది చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే తప్పనిసరి.

సోలార్ పలక అతికించిన పవర్ బ్యాంకుల మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అరచేయంత పలక ఎండలో ఇచ్చేది ఒక వాటు, మహా అయితే ఇంకొంచెం. అది నిండాలంటే రోజులు పడుతుంది, తుఫాను వెళ్లిన మర్నాడు మబ్బే ఉంటుంది.

వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే అన్నీ నిండా చార్జి చేయండి. మిగతా ఏడాది సగం చార్జితో ఉంచి, రెండు మూడు నెలలకోసారి చూసుకుంటే బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది.

నా పవర్ బ్యాంకు 10,000, ఫోన్ బ్యాటరీ 5,000. రెండుసార్లు నిండాలి కదా, ఎందుకు నిండట్లేదు?

ఆ 10,000 లోపలి సెల్లు వోల్టేజి, అంటే 3.7 వోల్టుల దగ్గర లెక్క. గుణించి వెయ్యితో భాగిస్తే 37 వాట్-అవర్లు, అంటే ఒక వాటు చొప్పున 37 గంటలు ఇచ్చే శక్తి. దాన్ని 5 వోల్టులకి పెంచేటప్పుడు కొంత వేడిగా పోతుంది, బయటికి వచ్చేది సుమారు 30. ఫోన్ నిండడానికి 19 దాకా కావాలి, ఫోన్ లోపలా కొంత పోతుంది. అందుకే ఒకటిన్నర సార్లు. మోసమేం కాదు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని 6,000 పైచిలుకు అంకె వేరే రాసే ఉంటుంది.

విమానం ఎక్కేవాళ్లకి కూడా ఈ వాట్-అవర్ల లెక్కే ముఖ్యం. 100 వాట్-అవర్లలోపు పవర్ బ్యాంకు చేతి సామానులో తీసుకెళ్లొచ్చు, 20,000 ఎంఏహెచ్‌ది 74 కాబట్టి ఇబ్బంది లేదు. 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. చెక్-ఇన్ బ్యాగులో అసలు పెట్టకూడదు.

కొత్త టార్చికి టైప్-సి పోర్టు ఉంది. కానీ ల్యాప్‌టాప్ టైప్-సి చార్జర్‌తో చార్జి అవ్వట్లేదు. పోయిందా?

పోలేదు. రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబుల్ అయితే, అవతలి వస్తువు తన ఉనికి చెప్పేదాకా చార్జరు కరెంటు వదలదు. ఆ చెప్పే పనికి వస్తువు పోర్టులో 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు ఉండాలి. పైసల్లో దొరికే ఆ రెండింటినీ మిగుల్చుకుందామని చౌక కంపెనీలు పెట్టవు. పాత వెడల్పు పోర్టు చార్జరు, దాని కేబుల్ వాడండి, అక్కడ 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. టార్చి, ట్రిమ్మరు, చిన్న ఫ్యాను, దోమల బ్యాటు అన్నింటిలోనూ ఈ జబ్బు కనిపిస్తుంది. అందుకే పాత చార్జరు ఒకటి పారేయకుండా ఉంచుకోవాలి.

65 వాట్ల చార్జర్‌తో ఇయర్‌బడ్స్ చార్జి చేస్తే పేలిపోతాయా?

పేలవు. ఎంత కావాలో వస్తువు అడుగుతుంది, చార్జరు అంతే ఇస్తుంది. చార్జరు నాసిరకానిది కాకపోతే చాలు.

వంటింట్లో పనికొచ్చేవి?

చార్జింగ్ మినీ చాపర్ పనికొస్తుంది, దాని హద్దు తెలిస్తే. గుప్పెడు వెల్లుల్లి, చిన్న అల్లం ముక్క, నాలుగు పచ్చిమిర్చి వేసి మీట నొక్కితే పది సెకన్లలో సన్నగా తరుగుతుంది. చేపల పులుసుకి తొందరగా కావాలంటే మిక్సీ దించే పని తప్పుతుంది. తరుగుతుందే గానీ మెత్తటి ముద్ద చేయదు. ఎండుకొబ్బరి, నానబెట్టిన పప్పు వేస్తే మోటారు మూలిగి ఆగిపోతుంది. కడిగేటప్పుడు పై భాగాన్ని కుళాయి కింద పెట్టకండి, మోటారు, బ్యాటరీ అందులోనే ఉంటాయి.

చార్జింగ్ లైటర్ ఇంకొకటి. రెండు చిన్న కొనల మధ్య ఊదారంగు మెరుపు పుడుతుంది, మంట ఉండదు కాబట్టి గాలికి ఆరదు. సముద్రం వైపు బాల్కనీలో కార్తీక దీపాలు పెట్టేవాళ్లకి ఎంతో సుఖం. వెలిగించాక దీపాన్ని గాలి ఆర్పేస్తే దానికి లైటర్ పూచీ లేదు. మెడ పొడుగున్నది కొంటే గ్యాస్ స్టవ్‌కీ వాడుకోవచ్చు. పిల్లలకి అందనివ్వకండి, ఆ మెరుపు తగిలితే చర్మం కాలుతుంది.

వింతగా ఉండి, నిజంగా పనికొచ్చినవి ఏమైనా ఉన్నాయా?

రెండు చెబుతాను. ఒకటి ఎండోస్కోప్ కెమెరా. పొడవాటి వైరు చివర చిటికెన వేలికన్నా సన్నటి కెమెరా, చుట్టూ చిన్న ఎల్‌ఈడీలు. ఓటీజీ (బయటి యూఎస్‌బీ వస్తువులు తగిలించుకునే వీలు) ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కి తగిలిస్తే స్క్రీన్ మీద కనిపిస్తుంది. స్ప్లిట్ ఏసీ నీళ్లు గోడ మీదుగా గదిలోకి కారుతుంటే దాన్ని డ్రెయిన్ పైపులోకి దించి చూడండి. కొంతదూరం దాకా తెల్లటి ప్లాస్టిక్కే కనిపిస్తుంది, ఆ తర్వాత హఠాత్తుగా పైపు మొత్తం మూసేసిన పాచి, దాని వెనక నిలిచిన నీళ్లు. ఎక్కడ అడ్డుపడిందో తెలిస్తే మెకానిక్‌కి చూపించి సగం బేరం మీరే ఆడొచ్చు. సింకు పైపు, బీరువా వెనక పడిపోయిన తాళంచెవి, వాషింగ్ మెషిన్ అడుగు – అన్నింటికీ ఇదే.

రెండోది యూఎస్‌బీ మైక్రోస్కోప్. డబ్బా మీద వెయ్యి రెట్లు అని ఉంటుంది, నమ్మకండి. పిల్లలకి చీమ కాలు, ఉప్పు రవ్వ చూపించడానికి మాత్రం బాగుంటుంది. పెద్దలకి ఇంకో ఉపయోగం ఉంది. బంగారు నగ మీద హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ కోడ్ ఉంటుంది కదా, అది మామూలు కంటికి ఆనదు. మైక్రోస్కోప్ కింద పెడితే స్పష్టంగా చదవొచ్చు. ఆ కోడ్‌ని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి నగ వివరాలు సరిచూసుకోవచ్చు.

ఆఫీసు టేబుల్ మీదికి?

ల్యాప్‌టాప్‌కి పోర్టులు తక్కువ కాబట్టి ఒక పోర్టుని నాలుగైదుగా చేసే హబ్ అందరూ కొంటారు. కొన్నాక వైర్‌లెస్ మౌస్ తడబడుతోందని చాలామంది అంటారు. మౌస్ తప్పు కాదు. యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి, మౌస్ డాంగిల్ (మౌస్ కోసం పోర్టులో గుచ్చే చిన్న ముక్క) మాట్లాడేది అక్కడే. 2012లో ఇంటెల్ స్వయంగా ఈ విషయం ప్రచురించింది. డాంగిల్‌ని పాత యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చండి, లేదా జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో హబ్‌కి దూరంగా పెట్టండి. హార్డ్‌డిస్క్ లాంటివి తగిలిస్తే విడిగా ఎడాప్టర్ ఉన్న హబ్ కావాలి.

మౌస్‌ని దానంతటదే కదిపే జిగ్లర్ గురించి గుసగుసగా అడుగుతారు. వద్దు. రుషికొండ, మధురవాడ కంపెనీల్లో చాలాచోట్ల ఏ యూఎస్‌బీ వస్తువు తగిలించినా ఐటీ వాళ్లకి తెలిసే ఏర్పాటు ఉంటుంది. 2024లో అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు ఇలా పనిచేస్తున్నట్టు నటించారని డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది.

కీబోర్డు దుమ్ము లాగే యూఎస్‌బీ వాక్యూమ్ కన్నా పాత పెయింటు బ్రష్ మేలు.

ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో ఉన్న యూఎస్‌బీ పోర్టుల్లో ఫోన్ పెడితే డేటా కొట్టేస్తారా?

అవకాశమైతే ఉంది, రిజర్వ్ బ్యాంకు కూడా హెచ్చరించింది. వెడల్పు యూఎస్‌బీలో నాలుగు పిన్నులు, రెండు కరెంటుకి, రెండు డేటాకి. డేటా బ్లాకర్ అనే బొటనవేలంత ముక్క మధ్యలో పెడితే ఆ డేటా పిన్నులు కలవవు. చార్జింగ్ మాత్రం నెమ్మదిస్తుంది. నా మటుకు నేను సొంత చార్జరు మామూలు సాకెట్‌లో పెట్టుకోవడమే మేలంటాను. తప్పక పోర్టు వాడితే, స్క్రీన్ మీద డేటా అనుమతి అడిగినప్పుడు ఒప్పుకోవద్దు.

శబ్దంతో దోమల్ని తరిమే యూఎస్‌బీ యంత్రం?

దోమలు లెక్కచేయవు. చార్జింగ్ దోమల బ్యాటు కొనుక్కోండి.

మా ఇల్లు బీచ్ రోడ్డు దగ్గర. వస్తువులు ఏడాది తిరక్కుండా పోతున్నాయి, ఏం చేయాలి?

ఉప్పు తేమ పోర్టులోని లోహానికి కిలుము పట్టిస్తుంది. టార్చి వెలుతురులో చూస్తే పిన్నుల మీద పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తుంది. అప్పుడు కేబుల్ కదిపితేగానీ చార్జి ఎక్కదు, ఒక్కోసారి పిన్ను దగ్గర వేడెక్కుతుంది. ఆఫ్ చేసి, మొబైల్ రిపేర్ షాపుల్లో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి బ్రష్ ముంచి తుడవండి, పూర్తిగా ఆరాకే వాడండి. పిన్నీసు, సూది పోర్టులోకి పోనివ్వొద్దు.

వాడనివాటిని బాల్కనీ వైపు అల్మారాలో కాకుండా, మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. ఫోన్ పోర్టులో తేమ అని హెచ్చరిక వస్తే బియ్యంలో పెట్టకండి, ఆ పొడి లోపలికి పోతుంది. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, ఫ్యాను గాలికి వదిలేయండి.

ఐదొందలకే 2 టీబీ పెన్ డ్రైవ్ వస్తోంది. తీసుకోనా?

వద్దు. లోపల ఉండేది చిన్న చిప్పు, కంప్యూటర్‌కి మాత్రం 2 టీబీ అని అబద్ధం చెబుతుంది. నిండాక కొత్త ఫోటోలు పాతవాటి మీద పడి చెరిపేస్తాయి, పెళ్లి ఆల్బమ్ వెతికినప్పుడుగానీ తెలియదు. ఇప్పటికే కొనేసి ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అసలు సైజు బయటపడుతుంది.

విశాఖలో ఎక్కడ కొనడం మంచిది? ఆన్‌లైనా, షాపా?

కేబుల్, హబ్, రౌటర్ పిన్ను లాంటివి ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో, జగదాంబ దగ్గర మొబైల్ షాపుల్లో తగిలించి చూసి కొనండి. వెళ్లేటప్పుడు యూఎస్‌బీ మీటరు ఒకటి జేబులో ఉంటే ఇంకా మంచిది. కేబుల్‌కీ ఫోన్‌కీ మధ్య పెడితే వోల్టులు, ఆంపియర్లు చిన్న తెరమీద చూపిస్తుంది. కేబుల్ మార్చగానే 1.8 ఆంపియర్లు కాస్తా 0.6కి పడిపోతే ఆ కేబుల్ పక్కన పెట్టేయొచ్చు, వాదనే ఉండదు.

పవర్ బ్యాంకు, చార్జరు అయితే బీఐఎస్ గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. దాన్నీ బీఐఎస్ కేర్ యాప్‌లోనే సరిచూడొచ్చు. కంపెనీ పేరు ఒకటి, యాప్‌లో కనిపించే పేరు ఇంకొకటి అయితే వెనక్కి ఇచ్చేయండి.

ఉబ్బిపోయిన పవర్ బ్యాంకుని ఏం చేయాలి?

చార్జి పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. జీవీఎంసీ చెత్త బండిలో తడి, పొడి చెత్తతో కలిపి అసలు వేయొద్దు. బండిలో నలిగితే లిథియం సెల్లు అంటుకుంటుంది. మట్టి కుండలోనో స్టీలు డబ్బాలోనో ఇసుక మధ్య ఉంచి, మూత బిగించకుండా, కాలే వస్తువులకి దూరంగా ఎండ తగలని చోట పెట్టండి. తర్వాత ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికి గానీ, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి గానీ ఇవ్వండి. ఇచ్చేముందు ఫోన్ చేసి ఉబ్బిన బ్యాటరీ అని చెప్పండి, కొన్నిచోట్ల కొరియర్‌లో పంపితే తీసుకోరు.